ముందుగా చెప్పిన సాక్ష్యం

నాలుగేళ్లుగా మా సంఘంలో అందరూ నన్ను మోసపోయినదానిగా చూస్తున్నారు. నేను మోసపోలేదు. ఈ ఒక్క ముక్క బయటపెట్టడానికి నాలుగేళ్లు పట్టింది, అదీ మొహం తెలియని మీ ముందు. తెలిసినవాళ్ల ముందు నోరు రాదు. ఒక్కరికి మాత్రం చెప్పాను. చెప్పినందువల్ల మంచి జరగలేదు. అక్కడిదాకా వస్తాను, కొంచెం ఓపిక పట్టండి, నాకిది వరసగా చెప్పుకోవడం కొత్త.

నా పేరు వద్దు. పాత మద్రాసు రోడ్డు పక్కన ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్ని. ఒంగోలు వైపు నుంచి పెళ్లయి బెంగళూరు వచ్చి ఇరవై రెండేళ్లు దాటింది. మా ఆయనకు హొసకోటెలో ఫ్యాక్టరీ ఉద్యోగం. ఒక్కతే కూతురు. మా తెలుగు క్రైస్తవ సంఘం ఒక బిర్యానీ హోటలు పైన, రెండో అంతస్తులో కూడుకుంటుంది. పన్నెండు దాటితే మసాలా వాసన మెట్లెక్కి వస్తుంది, పాస్టరుగారి ప్రసంగం కూడా అప్పటినుంచి పరుగందుకుంటుంది. నాకు ఈ ఊళ్లో పుట్టిల్లంటూ ఉంటే అదే.

అక్కడే రాహేలమ్మగారు పరిచయం. నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. ముప్పై ఎనిమిదేళ్లు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయిన మనిషి. పెళ్లి చేసుకోలేదు. పింఛను లేదు. చివరిరోజున చేతికిచ్చిన డబ్బు బ్యాంకులో డిపాజిట్ చేసుకుని, ఒక్క గది అద్దెకు తీసుకుని ఉండేది. నా కూతురు పుట్టినప్పుడు మా అమ్మ రాలేకపోతే, నలభై రోజులు డ్యూటీ ముగించుకుని వచ్చి పిల్లకు నీళ్లు పోసింది ఈమె. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. తర్వాత చెబితే, దాచినట్టుంటుంది.

ఆమెకు ఒక్కటే ఆశ ఉండేది. దొడ్డబళ్ళాపురం దాటాక ఒక వృద్ధాశ్రమం ఉంది. ఆమెతోపాటు నర్సుగా చేసిన స్నేహితురాలు అప్పటికే అక్కడ చేరింది. పక్కగది ఖాళీగా ఉంది. ఒకేసారి పెద్ద మొత్తం కడితే చివరిదాకా చూసుకుంటారు. రాహేలమ్మగారి దగ్గరున్నది ఆ మొత్తానికి కొంచెం తక్కువ. ఆ కొంచెం కోసమే ఆమె ఆగింది. ఎవరి చేతుల్లోనో పడి, ఎవరి విసుగూ చూడకుండా పోవాలని చెప్పేది. ముప్పై ఎనిమిదేళ్లు మంచాల పక్కన నిలబడి చూసిన మనిషికి ఆ భయం ఎంత ఉంటుందో నాకు తెలుసు. తెలిసే చేశాను.

మా సంఘంలో కీబోర్డు వాయించే జోయెల్ అని ఒకతను ఉండేవాడు. రెండేళ్లు వాయించాడు, బాగా వాయించాడు. పాట అయిపోయాక కూడా వేళ్లు మెల్లగా ఆడిస్తూ ప్రార్థన కింద సన్నగా వినిపించేవాడు, మాకు ఏడుపు వచ్చేది. అతనొక వ్యాపారం అన్నాడు. ఆసుపత్రి మంచాలు, ఆక్సిజన్ మిషన్లు కొని ఇళ్లకు అద్దెకివ్వడం. మనం డబ్బు పెడితే నెలనెలా లాభం, ఏడాదికి అసలు. మా సంఘంలో సగంమంది నర్సులు. మంచాల అద్దె సంగతి వాళ్లకు కళ్లముందు కనిపించేదే, అందుకని ఎవరికీ అనుమానం రాలేదు. కూతురి కాలేజీకని దాచిన డబ్బు తెచ్చి పెట్టాను. రెండు నెలలు లాభం వచ్చింది. మూడో నెల ఆగింది. నాలుగో నెల కూడా.

కాలేజీ ఫీజు గడువు దగ్గరపడింది. నేను జోయెల్ వెంటపడ్డాను. స్కూలు విరామంలో ఫోను, బస్సులో ఫోను. చివరికి ఒకరోజు చాలా నెమ్మదిగా అన్నాడు, కొత్తవాళ్లు వస్తే పాతవాళ్లకు ఇవ్వడానికి వీలవుతుంది అక్కా, మీరొక మంచి మాట సంఘంలో చెబితే మీది మొట్టమొదట ఇచ్చేస్తాను, అని. నేను లెక్కల టీచర్ని. కొత్తవాళ్ల డబ్బు పాతవాళ్లకిచ్చే వ్యాపారం ఎక్కడ తేలుతుందో ఏడో తరగతి పిల్లకైనా వేసి చూపిస్తాను. ఆ క్షణంలోనే నాకు మొత్తం తెలిసిపోయింది. తెలియలేదని ఎన్నిసార్లు నాకు నేను చెప్పుకున్నానో! తెలిసింది. మీ దగ్గర కూడా దాచితే ఇంక ఇది రాయడం ఎందుకు?

ఇక్కడ మా అలవాటు ఒకటి చెప్పాలి. ఆరాధన మధ్యలో సాక్ష్యాల సమయం ఉంటుంది. జ్వరం తగ్గిందనో, ఉద్యోగం వచ్చిందనో ఎవరికివారు లేచి దేవుడు చేసిన మేలు చెబుతారు. అంతవరకు అందరికీ తెలిసిందే. ఇంకొకటుంది. ఇంకా జరగనిదాన్ని జరిగిపోయినట్టే చెప్పి స్తోత్రం చేయవచ్చు. విశ్వాసంతో ముందుగా చెప్పే సాక్ష్యమంటారు దాన్ని. ఇల్లు దొరకకముందే దేవుడు నాకు ఇల్లిచ్చాడంటారు. అందరూ ఆమేన్ అంటారు. అది అయిన పనో, కావాలని కోరుకుంటున్న పనో వినేవాళ్లు విడమరిచి అడగరు. అడిగితే విశ్వాసం లేనట్టు. నేనూ ఎన్నోసార్లు అలా చెప్పాను, కొన్ని నిజంగానే జరిగాయి కూడా.

ఆ ఆదివారం లేచి నిలబడ్డాను. పెట్టిన డబ్బు దేవుడు నా చేతికి తిరిగి ఇచ్చాడు, నా బిడ్డ చదువుకు తలుపు తెరిచాడు, అన్నాను. కళ్లు మూసుకుని చెప్పాను. భక్తితో అనుకున్నారు. విశ్వాసంతో ముందుగా చెబుతున్నాను, ఇందులో అబద్ధమేముందని లోపల నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. జోయెల్ కీబోర్డు మీద రెండు మెత్తని స్వరాలు వేశాడు. ఆమేన్‌లలో రాహేలమ్మగారి గొంతు నాకు విడిగా వినిపించింది. కూర్చోగానే ఆవిడ వైపు చూడకూడదని నేలను చూస్తూ ఉండిపోయాను. అప్పుడే ఎందుకు తెలిసింది నాకు, నా మాట నమ్మి డబ్బు తెచ్చేది ఈవిడేనని?

మర్నాడు భోజనాల వేళ ఆమె స్కూలు గేటు దగ్గరికి వచ్చింది. ఎండలో నడిచి వచ్చింది, ఆయాసపడుతోంది. వాచ్‌మన్ కుర్చీ ఇస్తే కూర్చోలేదు.

"నేనేం పెద్దగా అడగను. ఆ డబ్బు నీ చేతికే వచ్చిండాదా? అది చెప్పు చాలు."

"వచ్చింది పెద్దమ్మా."

"మొత్తం?"

"మొత్తం."

"అయితే సరేనప్పా. ఇంగ నేను కాగితాలూ అవీ చూసేది లేదు. నువ్వు అంటివి, అంతే."

అంతే. ఇంత చిన్న మాటలు. ముందుగా చెప్పిన సాక్ష్యమని సంఘంలో సర్దుకున్నాను కదా, గేటు దగ్గర ఏం చెప్పుకుని సర్దుకున్నాను? అక్కడ దేవుడి ప్రస్తావన కూడా లేదు. అడిగింది మనిషి, చెప్పింది మనిషి. మందు సీసా మీది చీటీ రెండుసార్లు చదవనిదే రోగికి చుక్క వేయని నర్సు, నా మాటను ఒక్కసారి కూడా తిప్పి చూడలేదు. క్లాసు గంట కొట్టారు. లోపలికి వెళ్లి భిన్నాలు చెప్పాను.

బ్యాంకుకు తోడు రమ్మంది. వెళ్లాను. డిపాజిట్ గడువుకు ముందే తీసేస్తున్నదని కౌంటర్లో ఉన్న అమ్మాయి ఆగింది. వయసైనవాళ్లు ఒకేసారి అంత డబ్బు తీస్తుంటే అడగాలని వాళ్లకు చెప్పి ఉంటారు. కన్నడంలో చాలా మర్యాదగా అడిగింది, ఎవరికి ఇస్తున్నారు అజ్జీ, ఎవరైనా ఫోను చేసి తొందరపెట్టారా, ఇంట్లోవాళ్లకు తెలుసా. రాహేలమ్మగారు నా వైపు చూసింది. ఆ అమ్మాయీ నా వైపు చూసి, మీరెవరని అడిగింది. మగళు, అన్నాను. కూతుర్ని అని. ఆ అమ్మాయి మొహం తేటపడింది. కూతురు వెంట ఉంటే ఇంకేం భయమని, సంతకం ఎక్కడ చేయాలో చూపించింది. రాహేలమ్మగారు సంతోషంతో నా చేయి పట్టుకుని నొక్కింది. ఆ ముసలామెను కాపాడటానికి ఆ రోజు ఈ ఊళ్లో ఒక్కరే ప్రయత్నించారు, ముక్కూమొహం తెలియని ఆ పిల్ల. నేను అడ్డం నిలబడ్డాను.

ఆమె డబ్బు జోయెల్ చేతికి వెళ్లిన నాలుగో రోజు నా డబ్బు నాకు వచ్చేసింది. జోయెల్ ఆ ఒక్క మాట నిలబెట్టుకున్నాడు. ఫీజు కట్టాను. నాకెంత హాయి అనిపించిందో చెప్పనా? సిగ్గు లేకుండా చెబుతాను, ఆ రోజు ఇంట్లో పాయసం చేశాను. మా ఆయనకు జరిగింది సగమే తెలుసు. మన డబ్బు బయటపడింది, ఇంక నోరు మూసుకుని కూర్చో అన్నాడు. కూర్చున్నాను.

రెండు నెలలకు జోయెల్ లేడు. ఇల్లు ఖాళీ, ఫోను ఆగిపోయింది, కీబోర్డు మాత్రం మా హాల్లో మిగిలింది. మోసపోయినవి పదకొండు కుటుంబాలు. అందులో అందరికంటే పెద్దది రాహేలమ్మగారు, అందరికంటే ఎక్కువ పోయిందీ ఆమెకే. స్టేషనుకు వెళ్లి అందరూ ఫిర్యాదు రాసిస్తుంటే నా పేరు కూడా రాయమన్నారు. రాయకపోతే ఎందుకు రాయలేదని అడుగుతారు. వచ్చిన డబ్బు మళ్లీ అందులోనే పెట్టేశానని చెప్పి, పన్నెండో పేరుగా సంతకం పెట్టాను. పోలీసాయన జాలిగా చూశాడు. రాహేలమ్మగారు తన సంగతి వదిలేసి, అయ్యో బిడ్డ చదువు ఎట్లనో అని నన్ను ఓదార్చింది.

మా ఆడవాళ్లు అన్నం వండే ప్రతిసారీ ఒక పిడికెడు బియ్యం తీసి దేవుడి పేరున పక్కన పెడతారు. నెలకోసారి అవి సంఘానికి తెచ్చి ఇస్తారు. ఆ నెల బియ్యం మోసపోయిన కుటుంబాలకు పంచారు. రాహేలమ్మగారు తన సంచి తీసుకోలేదు. ఒంటిదాన్ని నాకెందుకు, పిల్ల ఉన్న ఇంటికి పోనీ అని నా చేతిలో పెట్టించింది. వద్దని అనలేదు నేను. అంటే అనుమానం. ఆ బియ్యం ఇంటికి తెచ్చాను, వండాను, తిన్నాం. పారబోయలేకపోయాను, దానం చేయలేకపోయాను. ఏ మొహం పెట్టుకుని చేస్తాను?

ఆశ్రమంలో పక్కగదిలోకి వేరే ఎవరో చేరారు. రాహేలమ్మగారు గది అద్దె కట్టలేక హెబ్బగోడిలో చెల్లెలి కొడుకు దగ్గరికి వెళ్లిపోయింది. అతను ఫ్యాక్టరీ కార్మికుడు, మంచివాడు, కానీ ఒక్కటే గది, భార్య, ఇద్దరు పిల్లలు. ఖాళీగా కూర్చుని తినలేక, ఇళ్లకు నర్సుల్ని పంపే ఏజెన్సీ ద్వారా మళ్లీ డ్యూటీలు ఒప్పుకుంది. డెబ్భై రెండేళ్ల వయసులో, తనకంటే నాలుగేళ్లు చిన్నదైన ఒకావిడను పొద్దున లేపి, స్నానం చేయించి, మంచం మీదకు ఎత్తి పడుకోబెడుతోంది. రెండు బస్సులు మారి ఆదివారం ఆరాధనకు వస్తుంది. నడుము పట్టీ చీర పైనుంచి కనిపిస్తుంది. నేను ఎదురెళ్లి బ్యాగు అందుకుంటాను. చూసేవాళ్లకు ఎంత ప్రేమో.

చెబుదామని ఎన్నిసార్లు అనుకోలేదు! కూతురి చదువు అవనీ, అన్నాను. అయింది. ఉద్యోగం రానీ, అన్నాను. వచ్చింది. ఆ తర్వాత చెప్పకపోవడానికి కారణం వెతకడం కూడా మానేశాను. నాలుగేళ్లలో మనిషి దేనికైనా అలవాటు పడతాడేమో. నేను పడ్డాను.

మూడు నెలల కిందట పాస్టరుగారు పెద్దవాళ్ల కోసం ఒక సమావేశం పెట్టారు. ఫోను చేసి నిన్ను అరెస్టు చేస్తామని బెదిరించేవాళ్లు, బహుమతి వచ్చిందనేవాళ్లు, పోయిన డబ్బు తెప్పిస్తామనేవాళ్లు, ఇలా ముసలివాళ్లను దోచుకునేవాళ్ల గురించి ఒక పోలీసు అధికారి వచ్చి వివరించాడు. చివర్లో మోసపోయినవాళ్ల తరఫున నన్ను మాట్లాడమన్నారు. టీచరమ్మ కదా, బాగా చెబుతుందని. మాట్లాడాను. బాగానే చెప్పాను. ఎంత దగ్గరివాళ్లు చెప్పినా నమ్మొద్దు, కాగితం చూడండి, ఇంకో ఇద్దర్ని అడగండి, తొందరపెడితే అక్కడే ఆగిపోండి అన్నాను. ముసలివాళ్లు తలలూపుతూ విన్నారు. చప్పట్లు కొట్టారు.

దిగుతుంటే మెట్ల మీద రాహేలమ్మగారు ఆపింది. మొహం వెలిగిపోతోంది. ఎవరో ఫోను చేశారట, తెలుగులోనే, ఎంతో మర్యాదగా. జోయెల్‌ను పట్టుకున్నారట, డబ్బు దొరికిందట, ఫిర్యాదులో ఉన్నవాళ్లకు పంచుతారట. ముందుగా కొంత ఖర్చు కట్టాలట. రెండేళ్ల డ్యూటీ డబ్బు దాచుకుంది కదా, అది సరిపోతుందట. అది చాలా మటుకు అయిపోతుంది కానీ మొత్తం వస్తుంది కదా, వస్తే ఆశ్రమంలో మళ్లీ అడుగుతానంది. పెద్దమ్మా, ఇప్పుడే కదా పైన చెప్పారు, ఇది కూడా అదే దొంగతనం, వద్దు అన్నాను. వాళ్లకు తన పేరు తెలుసు, మొత్తం తెలుసు, దొంగలకెట్ల తెలుస్తుందంది. ఆపైన నా భుజం తట్టి, నీ పేరు కూడా లిస్టులో ఉండాది కదా, నీకూ ఫోను వస్తుందిలే అంది. నన్ను ఓదారుస్తోంది.

ఇంక తట్టుకోలేకపోయాను. ఆ మెట్ల మీదే, కింద హోటల్లో గిన్నెల చప్పుడు మధ్య, మొత్తం చెప్పేశాను. నా డబ్బు పోలేదు పెద్దమ్మా. మీరు గేటు దగ్గరికి వచ్చిన రోజుకు నాకు రాలేదు. మీరిచ్చిన నాలుగో రోజు వచ్చింది. అందుకే చెబుతున్నాను, డబ్బు వస్తుందని చెప్పేవాళ్లు ఎలా చెబుతారో నాకు తెలుసు, మీది మీకు నేనే కడతాను, దయచేసి వాడికి పంపొద్దు.

ఆమె మెట్టు మీద కూర్చుంది. ఏడవలేదు, తిట్టలేదు. ఒక్కటే అడిగింది.

"బ్యాంకులో కూతురంటివే. అప్పుడు కూడా తెలుసునా నీకు?"

"తెలుసు."

గోడ పట్టుకుని లేచింది. చేయందించబోతే పట్టుకోలేదు.

"అప్పుడు వచ్చిందంటివి, రాలేదు. ఇప్పుడు రాదంటాండావు. నీ మాటను ఏ పక్క పట్టుకోమంటావమ్మా?"

డ్యూటీకి టైమవుతోందని మెట్లు దిగి వెళ్లిపోయింది. నేను వెంట పరుగెత్తాను, బస్సు ఎక్కేసింది. ఆమె చెల్లెలి కొడుక్కి ఫోను చేశాను, షిఫ్టులో ఉన్నాడు, తీయలేదు. సాయంత్రం తీశాడు. డ్యూటీకి పోతూ దారిలోనే పంపేసిందని చెప్పాడు. ఫిర్యాదు చేశారు. అది నడుస్తోంది. మొదటిది కూడా నడుస్తోంది.

ఇప్పుడు రోజూ నన్ను నేను అడుగుతున్నది ఒక్కటే. ఆ మెట్ల మీద ఇంకొక్క అబద్ధం ఎందుకు చెప్పలేదు? నాకూ ఫోను వచ్చింది పెద్దమ్మా, నేనూ కట్టి పోగొట్టుకున్నాను, అని ఉంటే నమ్మేది. నూటికి నూరుపాళ్లు నమ్మేది. డబ్బు మిగిలేది. నా కోసం అన్ని అబద్ధాలు నోరారా ఆడినదాన్ని, ఆమెకు పనికొచ్చే ఒక్క అబద్ధం దగ్గర నిజం పట్టుకుని కూర్చున్నాను. అది ఆమెను ఆపడానికా, నా గుండె బరువు దించుకోవడానికా? ఎంత తవ్వి చూసుకున్నా రెండోదే పైకి వస్తోంది.

గాజులు కుదువపెట్టి కొంత డబ్బు ఆమె ఖాతాలో వేశాను. వారానికి ఆ అబ్బాయి ఫోను చేశాడు. పెద్దమ్మ ఆ డబ్బు ముట్టుకోవట్లేదక్కా, ముందు కొంచెం వేసి తర్వాత మొత్తం ఊడ్చే మోసమేమోనని భయపడుతోంది అన్నాడు. అది నేనే వేశానని చెప్పమన్నాను. మళ్లీ ఫోను చేశాడు. చెప్పానక్కా, అయితే అసలే ముట్టుకోనంది, ఎందుకక్కా అని అడిగాడు. నేను జవాబు చెప్పలేదు. ఆమె కూడా అతనికి చెప్పలేదు. సంఘంలో ఎవరికీ చెప్పలేదు. ఆదివారం వస్తుంది, తన బ్యాగు తానే మోసుకుని వెళ్లి కూర్చుంటుంది.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఆమెను అడిగే హక్కు నాకు లేదు. నా డబ్బు పోలేదు. ఆమె డబ్బు ఇప్పించి నాది తెచ్చుకున్నాను. ఇది రాసేటప్పుడు కొట్టివేత ఒక్కటీ లేదు. ఈ పూట నాకు కొంచెం ఊపిరి ఆడుతోంది. ఆమె ఇప్పుడు డ్యూటీలో ఉంటుంది, ఆ పెద్దావిడను ఎత్తి కూర్చోబెట్టే వేళ ఇది.